ఆర్‌వీ ప్రయాణం: ముందు కరెంటు చూసుకోండి, తర్వాతే కనూ ఎక్కండి

ఆర్‌వీలో (లోపలే మంచాలు, వంటిల్లు, టాయిలెట్ ఉండే బండి) ఏదైనా పని చేయడం మానేస్తే ముందు మైక్రోవేవ్ మీద టైము వెలుగుతోందో లేదో చూడండి. ఈ సంగతి మాకు ఒక సెప్టెంబరు రాత్రి, ఉత్తర మిన్నెసోటాలోని ఫాల్ లేక్ క్యాంప్‌గ్రౌండ్‌లో, పిల్లలు చలికి ముడుచుకుపోయి పడుకున్నప్పుడు తెలిసింది. రాత్రి రెండింటికి హీటర్ ఫ్యాన్ ఏదో నీరసంగా తిరుగుతోంది, గాలి వస్తోంది కానీ వేడి లేదు. హీటర్‌కి మంటనిచ్చే ప్రొపేన్ గ్యాస్ అయిపోయిందనుకుని బయటికెళ్ళి చూస్తే గేజ్ సగం పైనే ఉంది. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్రిజ్ నడుస్తోంది, నీళ్ళ పంపు పని చేస్తోంది. అన్నీ బాగానే ఉన్నప్పుడు ఇదొక్కటే ఎందుకు పాడైందా అని నేను హీటర్ మూత విప్పబోతుంటే మా బావమరిది, "బావా, మైక్రోవేవ్‌లో టైము రావట్లేదు చూడు" అన్నాడు.

అంతే, అసలు విషయం అక్కడుంది. ఆర్‌వీలో రెండు కరెంటులు ఉంటాయి. లైట్లు, పంపు, హీటర్ ఫ్యాన్ ఇవన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. మైక్రోవేవ్, ఏసీ, గోడకుండే ప్లగ్గులు మాత్రం బయటి నుంచి వైరు లాగి పెట్టుకునే 120 వోల్టుల కరెంటు మీద నడుస్తాయి. ఆ బయటి కరెంటే, దాన్ని 12 వోల్టులకు మార్చే కన్వర్టర్ ద్వారా బ్యాటరీని కూడా చార్జ్ చేస్తుంటుంది. సాయంత్రం ఎప్పుడో మా సైట్ దగ్గరి కరెంటు డబ్బాలో బ్రేకర్ పడిపోయింది, అంటే ట్రిప్ అయింది. బ్యాటరీ ఉంది కాబట్టి లైట్లు ఆగలేదు, ఫ్రిజ్ దానంతటదే గ్యాస్ మీదకి మారిపోయింది, మాకు తేడా తెలియలేదు. హీటర్ ఐదు గంటల పాటు బ్యాటరీని లాగేసింది. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ బ్యాటరీకి పెడితే 11.6 చూపించింది. వోల్టేజి అంత పడితే ఫ్యాన్ సరిపడా వేగంగా తిరగదు, గాలి సరిపోకపోతే లోపలుండే, గాలి తోస్తేనే కలిసే సెయిల్ స్విచ్ మూసుకోదు, అది మూసుకోకపోతే మంట అంటుకోదు. హీటర్‌లో ఏ లోపమూ లేదన్నమాట.

బ్రేకర్ విషయంలో ఇంకో మెలిక ఉంది. పడిపోయిన బ్రేకర్ మీట పూర్తిగా ఆఫ్ వైపు రాదు, మధ్యలో ఆగుతుంది. చీకట్లో టార్చి వేసి చూస్తే ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. దాన్ని ముందు గట్టిగా ఆఫ్ వైపు నొక్కి, టక్‌మన్న తర్వాత ఆన్ చేయాలి. నేను అలా చేయగానే లోపల మైక్రోవేవ్ బీప్‌మంది. కన్వర్టర్ మొదలవగానే వోల్టేజి 13 దాటింది, ఐదు నిమిషాల్లో వేడి గాలి వచ్చింది.

ఎందుకు పడింది అంటే లెక్క సులువు. 30 ఆంప్ సైట్‌లో మీకు దొరికేది 30 ఇంటూ 120, అంటే 3600 వాట్లు, అంతకు మించి ఒక్క వాటు కూడా లేదు. మన ఇళ్ళలో వాడే ఇండక్షన్ స్టవ్ 1800 వాట్లు. నీళ్ళు కాచే హీటర్‌ని కరెంటు మీద పెడితే సుమారు 1400. ఆ రెండూ నడుస్తుండగా ఎవరో పప్పు వేడి చేద్దామని మైక్రోవేవ్ నొక్కారు. అన్నం దించే టైముకే ఇండక్షన్ ఆగింది కాబట్టి టైమర్ అయిపోయిందనుకున్నాం. మన వంట ఆర్‌వీలో చేయాలంటే ఒక నియమం పెట్టుకోండి: ఇండక్షన్ వెలుగుతున్నప్పుడు నీళ్ళ హీటర్ గ్యాస్ మీద ఉండాలి, ఏసీ ఆఫ్‌లో ఉండాలి. కుక్కర్ పెట్టేవాళ్ళే ఆ స్విచ్చులు చూసుకోవాలి, ఇంకొకరు చూస్తారులే అనుకుంటే కుదరదు.

ఇదంతా ముందు ఎందుకు చెప్తున్నానంటే, మొదటిసారి ఆర్‌వీ తీసుకునే మనవాళ్ళలో చాలామంది బండి నడపడం గురించి భయపడతారు, రిపేర్ అంటే మెకానిక్ పని అనుకుంటారు. నా అనుభవంలో నడపడం రెండు గంటల్లో అలవాటవుతుంది, సెలవు పాడయ్యేది మాత్రం ఇలాంటి చిన్న చిన్న కరెంటు, నీళ్ళ సమస్యల వల్లే. వాటిలో చాలావరకు మీరే సరి చేసుకోవచ్చు, చూసే వరుస తెలిస్తే చాలు. ముందు బయటి కరెంటు, తర్వాత బ్యాటరీ వోల్టేజి, తర్వాత ఫ్యూజు, ఆ తర్వాతే అసలు పరికరం. స్క్రూడ్రైవర్ చివర్లో తీయాలి.

బండి అద్దెకు తీసుకునేటప్పుడు

కుటుంబంతో వెళ్ళేవాళ్ళు 24, 25 అడుగుల క్లాస్ సీ తీసుకోండి. డ్రైవర్ పైన మంచం ఉండే రకం అది, మామూలు లైసెన్సు చాలు. తాళాలు ఇచ్చేవాళ్ళు పదిహేను నిమిషాల్లో చూపించేసి పంపాలని చూస్తారు, ఒప్పుకోకండి. గంటన్నర పట్టినా సరే ప్రతిదీ మీ చేత్తో ఆన్ చేసి చూడండి. ఫ్రిజ్‌ని కరెంటు మీద ఒకసారి, గ్యాస్ మీద ఒకసారి నడిపించమనండి. మేము ఒకసారి కరెంటు మీద మాత్రమే చూసి బయల్దేరాం, దారిలో పెరుగు, పాలు అన్నీ విరిగిపోయాయి. ఆగి చూస్తే గ్యాస్ మీద అది అసలు అంటుకోవడమే లేదు, బర్నర్ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. ప్రొపేన్ వాసన పురుగుల్ని పిలుస్తుందంటారు, కారణం ఏదైనా చాలా రోజులు ఆగి ఉన్న బండిలో ఇది మామూలే.

టైర్ల మీద డాట్ అని మొదలయ్యే అంకెల వరుస ఉంటుంది, చివరి నాలుగూ చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత బాగున్నా ఏడేళ్ళు దాటిన టైరు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని నేను వెళ్ళను, బండి మార్చమని అడుగుతాను. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది, ఉదయం బండి కదలకముందే కొలవాలి. వెనక టైర్లకు 80 పీఎస్ఐ దాకా అవసరం పడొచ్చు, కారు కోసం కొన్న గేజ్ అంతవరకు చూపిస్తుందో లేదో చూసుకోండి.

జనరేటర్ ఉంటే ఒక మాట. పెట్రోలు ట్యాంకు పావు కంటే తగ్గితే అది స్టార్ట్ అవదు. మీరు అడవిలో ఇరుక్కోకుండా అలా అమర్చారు. జనరేటర్ చెడిపోయిందని ఫోన్ చేసేముందు పెట్రోలు ముల్లు చూడండి.

నా పనిముట్ల డబ్బాలో పెద్దగా ఏమీ ఉండవు. మల్టీమీటర్, బ్లేడు ఫ్యూజుల ప్యాకెట్, టెఫ్లాన్ టేపు, నీళ్ళ గొట్టానికి రబ్బరు వాషర్లు, గట్టి డక్ట్ టేపు, జిప్ టైలు, పాన, స్క్రూడ్రైవర్. స్క్రూడ్రైవర్‌కి చతురస్రం బిట్ తప్పకుండా ఉండాలి. అమెరికా ఆర్‌వీల్లో సగం స్క్రూలు ఆ రకమే, మన దగ్గరుండే ప్లస్ గుర్తు బిట్ వాటిలో పట్టదు, బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. ఫ్యూజులకు రంగులు ఉంటాయి: ఎరుపు 10 ఆంప్, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఏ రంగు పోతే ఆ రంగే పెట్టాలి. నీలం లేదని ఆకుపచ్చ పెడితే ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది.

దారిలో, క్యాంపులో

మినియాపొలిస్ నుంచి ఫాల్ లేక్ దగ్గరుండే ఈలీ అనే ఊరు దాదాపు 240 మైళ్ళు. 35వ నంబరు హైవే మీద వెళ్ళి, క్లోకే దగ్గర 33, అక్కడినుంచి 53, వర్జీనియా అనే ఊరు దాటే చోట 169 పట్టుకుంటే నేరుగా చేరుస్తుంది. కారులో నాలుగు గంటలు, ఆర్‌వీలో ఐదారు వేసుకోండి, గంటకు 60 మైళ్ళు దాటొద్దు. డులూత్ మీదుగా సుపీరియర్ సరస్సు ఒడ్డున వెళ్ళి గూస్‌బెర్రీ జలపాతం, స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ చూడాలని అందరికీ ఉంటుంది, చూడాల్సినవే. కానీ అక్కడినుంచి ఈలీకి వెళ్ళే 1వ నంబరు రోడ్డు వంపుల మయం, కొత్త చేతులతో పెద్ద బండి మీద వద్దు. ఆ ఒడ్డు చూడ్డానికి వేరే వారాంతం పెట్టుకోండి.

సైట్‌లో ఆగగానే బండిని చెక్క దిమ్మలతోనో ప్లాస్టిక్ బ్లాకులతోనో సమంగా చేయండి. పాత రకం ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు, అమ్మోనియా దానంతటదే పైకీ కిందికీ ప్రవహిస్తూ చల్లబరుస్తుంది. బండి ఒరిగి ఉంటే ఆ ప్రవాహం ఆగుతుంది, గంటల తరబడి అలాగే వదిలేస్తే ఫ్రిజ్ శాశ్వతంగా పోతుంది. కొత్త బండ్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి, వాటికి ఈ బాధ లేదు కానీ బ్యాటరీని ఎక్కువ తింటాయి.

ప్లగ్గు పెట్టేముందు డబ్బాలో బ్రేకర్ ఆఫ్ చేసి, ప్లగ్గు పెట్టాక ఆన్ చేయండి. లోపల ఒకవైపు ప్లగ్గులన్నీ ఒకేసారి పోతే బాత్రూమ్‌లోనో సింకు దగ్గరో రీసెట్ బొత్తాం ఉన్న ప్లగ్గు వెతికి నొక్కండి, చాలాసార్లు పని అయిపోతుంది. బ్యాటరీ సంగతి: ఏదీ వాడకుండా కాసేపు ఉంచి కొలిస్తే 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.1 దగ్గరికొస్తే సగం అయిపోయినట్టు. మామూలు లెడ్ బ్యాటరీని అంతకంటే కిందికి దించకండి, మళ్ళీ మళ్ళీ దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు ఉండుండి ఒక్క క్షణం గుర్రుమంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ముందు టాయిలెట్ వెనక, తర్వాత సింకు కింద పొడి టిష్యూ కాగితంతో కీళ్ళన్నీ తుడిచి చూడండి. కంటికి కనపడని తడి కాగితానికి అంటుతుంది. చాలావరకు చేత్తో ఇంకో పావు చుట్టు బిగిస్తే సరిపోతుంది. పాన వేసి బిగిస్తే ప్లాస్టిక్ మరలు చిట్లుతాయి. పంపు తిరుగుతున్నా నీళ్ళు రాకపోతే పంపు ముందుండే చిన్న జాలీ గిన్నె విప్పి కడగండి. బండి నడుస్తున్నప్పుడు, అందరూ పడుకున్నాక పంపు స్విచ్ ఆఫ్ చేయడం మా ఇంట్లో అలవాటు.

మురుగు ట్యాంకులు రెండు. టాయిలెట్‌ది ఒకటి, సింకు, స్నానాలది ఒకటి. టాయిలెట్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉంచండి, తెరిచి ఉంచితే నీళ్ళు పోయి గట్టిది మిగులుతుంది. మూడింట రెండొంతులు నిండాక, ముందు దాన్ని ఖాళీ చేసి తర్వాత సింకు నీళ్ళు వదిలితే ఆ నీళ్ళే గొట్టాన్ని కడుగుతాయి. పప్పు, తాలింపు నూనె సింకులో పోయకండి, గిన్నెలు ముందు కాగితంతో తుడిచి అప్పుడు కడగండి. రెండు రోజుల తర్వాత వచ్చే వాసన ఎక్కువగా టాయిలెట్‌ది కాదు, సింకు ట్యాంకుది.

గొడుగులా బయటికి తెరుచుకునే ఆనింగ్‌ని పడుకునే ముందు, బయటికి వెళ్ళే ముందు చుట్టేయండి. ఒక్క గాలి దెబ్బకి దాన్ని పట్టుకునే కడ్డీలు వంగిపోతాయి, బిల్లు వేలల్లో ఉంటుంది.

కొన్నింటి జోలికి మీరు వెళ్ళొద్దు. ప్రొపేన్ పైపులు, 120 వోల్టుల వైరింగ్, బ్రేకులు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందర్నీ కిందికి దించి, బయట సిలిండర్ వాల్వు మూసి, ఫోన్ దూరంగా వెళ్ళి చేయండి. చలిగా ఉందని వంట స్టవ్ వెలిగించి పడుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. దాని అలారం బొత్తాం మొదటి రోజే నొక్కి చూడండి, దాని వెనక రాసిన గడువు తేదీ కూడా చూడండి.

కనూ మీద

ఈలీ పక్కనే బౌండరీ వాటర్స్ మొదలవుతుంది. పది లక్షల ఎకరాలకు పైగా అడవి, వెయ్యికి పైగా సరస్సులు, ఒకదాన్నుంచి ఇంకోదానికి కాలిబాటలు. కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) తలకెత్తుకుని ఆ బాట మీద నడవడాన్ని పోర్టేజ్ అంటారు. దూరం రాడ్లలో కొలుస్తారు, ఒక రాడ్ పదహారున్నర అడుగులు, అంటే ఇంచుమించు కనూ పొడవు. రాత్రి లోపల గడపాలంటే మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ముందే పర్మిట్ బుక్ చేసుకోవాలి, బుకింగ్ జనవరి నెలాఖరులో మొదలవుతుంది. తెడ్డు వేసుకుంటూ ఒక పూట వెళ్ళొచ్చేవాళ్ళు ప్రవేశం దగ్గర ఉండే కాగితం నింపుకుంటే చాలు. ఒక గుంపులో తొమ్మిది మందికి, నాలుగు పడవలకు మించకూడదు. ఇంకొకటి మనవాళ్ళు బాగా గుర్తుంచుకోవాలి: లోపలికి గాజు సీసాలు, రేకు డబ్బాల్లో వచ్చే ఆహారం తీసుకెళ్ళకూడదు. ఆవకాయ సీసాలోంచి తీసి ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకోండి, మూత చుట్టూ టేపు వేయండి.

పడవ ఆర్‌వీ మీద కట్టుకెళ్ళే ఆలోచన వద్దు, ఈలీలో అద్దెకిచ్చేవాళ్ళు చాలామంది, ఒడ్డుకు తెచ్చి ఇస్తారు కూడా. కెవ్లార్ అనే తేలికైన గట్టి నారతో చేసిన పడవ 42 పౌండ్ల దాకా ఉంటుంది, అల్యూమినియంది 70 దాటుతుంది. మోయడానికి కెవ్లార్ హాయి, కానీ దాన్ని రాయి మీదకి ఈడ్వకూడదు. ఒడ్డు చేరేముందే మోకాలి లోతులో దిగి, పడవ తేలుతుండగానే సామాను దించి, ఎత్తి బయట పెట్టాలి. బూట్లు తడుస్తాయి, తడవనివ్వండి.

ఎక్కేటప్పుడు రెండు అంచులూ రెండు చేతులతో పట్టుకుని, వంగి, పాదం సరిగ్గా నడిమధ్యలో వేయాలి. వెనక కూర్చున్నవాళ్ళే దారి తిప్పేది. ఒకవైపే తెడ్డు వేస్తే పడవ రెండోవైపు తిరిగిపోతుంది కదా, అందుకని తెడ్డు వెనక్కి లాగాక చివర్లో పైచేతి బొటనవేలు కిందికి తిప్పి, తెడ్డు రేకును పడవ నుంచి కొంచెం బయటికి నెట్టండి. అర్ధగంట తీరం పక్కనే సాధన చేస్తే చెయ్యి పడుతుంది. ఉదయం గాలి లేవకముందే బయల్దేరండి, మధ్యాహ్నానికి ఫాల్ లేక్ మీద అలలు పెరుగుతాయి. అక్కడ 25 హార్స్‌పవర్ దాకా మోటారు పడవలకు అనుమతి ఉంది, వాటి అలలు వచ్చినప్పుడు పక్కకి తగలనివ్వకుండా పడవ ముక్కు కాస్త వాలుగా వాటివైపు తిప్పి, మోకాళ్ళ మీదకి దిగండి. మిన్నెసోటాలో పదేళ్ళలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలని చట్టం. పెద్దలకి పక్కనుంటే చాలంటుంది, నేను మాత్రం ఈతగాళ్ళకి కూడా వేయించి జిప్పు పెట్టిస్తాను. సెప్టెంబరు నీళ్ళ చల్లదనానికి ఎంత ఈత వచ్చినా ఊపిరి పట్టేస్తుంది. బోల్తా పడితే పడవను వదలకండి.

ఫాల్ లేక్ నుంచి న్యూటన్ లేక్‌కి 80 రాడ్ల పోర్టేజ్, అంటే పావు మైలు. అక్కడ దిగేచోట నీళ్ళ కింద కనపడకుండా ఒక రాయి మా పడవ అడుగున మూడంగుళాల చీలిక పెట్టింది. ధారగా కాదు, చెమట పట్టినట్టు బొట్టు బొట్టుగా నీళ్ళు ఊరుతున్నాయి. పడవను గడ్డి మీద బోర్లించాం. తడి మీద ఏ టేపూ అంటదు, కాబట్టి ముందు పొడి చొక్కాతో తుడిచి, పావుగంట ఎండలో ఉంచి, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోని స్పిరిట్ తుడుపు కాగితంతో చుట్టూ జిడ్డు తీశాం. డక్ట్ టేపు మొత్తం చుట్ట మోసుకెళ్ళక్కర్లేదు, నీళ్ళ సీసాకి ఓ పది చుట్లు చుట్టి ఉంచుతాను. చీలికకి అన్నివైపులా రెండంగుళాలు ఎక్కువ ఉండేలా కత్తిరించి, నాలుగు మూలలూ గుండ్రంగా కోశాం. కోసుగా ఉన్న మూలే ముందు నీటికి లేస్తుంది. తర్వాత చెంచా వెనకవైపుతో మధ్య నుంచి అంచులకి గట్టిగా రుద్ది బుడగలు పోగొట్టాం. లోపలివైపు కూడా ఇలాగే ఇంకో ముక్క. సాయంత్రం దాకా ఒక్క బొట్టు లోపలికి రాలేదు. తిరిగిచ్చేటప్పుడు ఆ టేపు పీకకుండా, ఎక్కడ తగిలిందో చెప్పి చూపించాం. వాళ్ళు రెసిన్‌తో సరిగ్గా అతుకుతారు.

సొంత పడవ తెచ్చుకునేవాళ్ళు సరస్సు మార్చేముందు నీళ్ళు పూర్తిగా వంచేసి, నాచు తీసేసి, ఆరబెట్టాలి, హాని చేసే పరాయి జీవులు ఒక సరస్సు నుంచి ఇంకోదానికి అలాగే చేరతాయి. కట్టెలు కూడా ఇంటి నుంచి తేవద్దు, ఈలీలోనే కొనండి, యాష్ చెట్లను చంపే పురుగు కట్టెల్లో దాక్కుని ప్రయాణం చేస్తుంది. తిండి ఏదీ రాత్రి బయటి బల్ల మీద ఉంచకండి, ఎలుగుబంట్లు తిరిగే చోటు. ఆర్‌వీ లోపల పెట్టి తలుపు వేయండి.

ప్రయాణం మొత్తం నేను డాష్‌బోర్డు మీద ఒక కాగితం ఉంచుతాను. పొద్దున బ్యాటరీ వోల్టేజి, ఏ ఫ్యూజు పోయింది, ఏ కీలు బిగించాను, ఏ గొళ్ళెం వదులుగా ఉంది అన్నీ రాస్తాను. ఆ కందిరీగ గూడున్న బండి తిరిగిచ్చినప్పుడు ఫ్రిజ్ బర్నర్ గొట్టం శుభ్రం చేయించాలని దాని మీద పెద్దక్షరాలతో రాసి, కింద గీత గీసి, వాళ్ళ చేతికే ఇచ్చాను. మా తర్వాత మర్నాడే చంటిబిడ్డతో ఇంకో కుటుంబం ఆ బండి తీసుకెళ్తోందని అక్కడే విన్నాం, పాలు పెట్టుకోవాల్సినవాళ్ళు. అందుకని ఆ గొట్టం విప్పి కడిగేదాకా అక్కడే నిలబడి చూసి, గ్యాస్ మీద మంట నీలంగా అంటుకున్నాకే బయల్దేరాం.